చేయి దాటిన చిత్రం

పాఠ్యభాగ ఉద్దేశం

చేతిఫోను విద్యార్థి జీవితంలో విడదీయరాని భాగమైపోయింది. ఏకాంత చిత్రాలను ఇతరులతో పంచుకోవడం వల్ల కలిగే ప్రమాదాలను, అటువంటి ఆపదలో చట్టం కల్పిస్తున్న రక్షణను, బాధితుల పట్ల తోటివారు వహించవలసిన బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దల మాట. నోటి నుంచి వెలువడిన మాటను వెనక్కు తీసుకోలేమన్న అనుభవం నుంచి పుట్టిన సామెత అది. అయినా మాటకు ఒక సౌలభ్యం ఉంది. విన్నవారు దానిని మరచిపోవచ్చు. చెవి మారేకొద్దీ అది రూపు మార్చుకొని, చివరకు ఎవరూ నమ్మని పుకారుగా మిగిలిపోవచ్చు. ఛాయాచిత్రానికి ఆ సౌలభ్యం లేదు. అది వెయ్యి చేతులు మారినా మొదటి రోజున ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. చూసినవారు మరచిపోయినా, దాచిన యంత్రం మరచిపోదు.

ఒక తరం క్రితం వరకు ఫోటో తీయించుకోవడమంటే ఒక సందర్భం. స్టూడియోకు వెళ్ళాలి, ఫిల్ము కడిగించాలి, ప్రతులు తెచ్చుకోవాలి. తీసినవారెవరో, ప్రతులు ఎన్నో, అవి ఎవరి దగ్గర ఉన్నాయో ఇంటిల్లిపాదికీ తెలుసు. నేడు తీయడానికి ఒక క్షణం, పంపడానికి మరో క్షణం చాలు. ఆ రెండు క్షణాల మధ్య ఆలోచించడానికి వ్యవధి లేకపోవడమే ఈనాటి సమస్యకు మూలం. ఒక వ్యక్తి తన శరీరానికి, తన ఆంతరంగిక జీవితానికి సంబంధించి, నలుగురి కంట పడకూడదని భావించే చిత్రాలను, దృశ్యాలను ఏకాంత చిత్రాలు అనవచ్చు. వీటిని ఇతరులకు పంపడం, పంపమని అడగడం, వచ్చినవాటిని మరొకరికి చేరవేయడం కౌమారంలో ఉన్న పిల్లల మధ్య కూడా జరుగుతున్నది. ఇది పెద్దలు మాట్లాడడానికి మొహమాటపడే విషయం. అందువల్లనే పిల్లలు దీనిని అనుభవం ద్వారా మాత్రమే నేర్చుకోవలసి వస్తున్నది. ఆ అనుభవం ఖరీదైనది.

చిత్రం ప్రయాణించే తీరు

ఇంటర్మీడియట్ చదివే ఒక విద్యార్థిని తన ఏకాంత చిత్రాన్ని ఒక స్నేహితుడికి పంపిందని అనుకుందాం. ఆమె దృష్టిలో ఆ క్షణాన ఆ చిత్రం రెండే చోట్ల ఉంది: తన ఫోనులో, అతని ఫోనులో. వాస్తవం అంత సరళం కాదు. ఫోనులోని చిత్రాలన్నీ తమంతట తామే ఇంటర్నెట్ నిల్వలోకి చేరే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. అదే ఖాతాతో ఇంట్లో కంప్యూటరో, ట్యాబో పనిచేస్తుంటే వాటిలోనూ ఆ చిత్రం కనిపిస్తుంది. సంభాషణలను భద్రపరచే బ్యాకప్‌లో మరొక ప్రతి ఉండవచ్చు. ఇక అతని ఫోను ఎల్లప్పుడూ అతని చేతిలోనే ఉండదు. తమ్ముడు ఆట కోసం తీసుకుంటాడు. హాస్టలు గదిలో మిత్రుడు ఒక్క నిమిషమని అడుగుతాడు. తెర పగిలితే రిపేరు షాపులో రెండు రోజులు ఉంటుంది. పాతబడితే అమ్ముడుపోతుంది. చెరిపివేసిన చిత్రాలను తిరిగి రాబట్టగల సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. చిత్రాన్ని అందుకున్నవాడు యోగ్యుడే కావచ్చు. కాని అతని యోగ్యత అతని ఫోనును చేతపట్టిన ప్రతివారికీ ఉండాలన్న నియమం లేదు.

చూసిన వెంటనే మాయమయ్యే చిత్రాలున్నాయి కదా అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. 2011లో మొదలైన స్నాప్‌చాట్ అనే యాప్ ఈ వాగ్దానంతోనే యువతను ఆకట్టుకుంది. ఆ వాగ్దానం వినియోగదారులను తప్పుదోవ పట్టించేదిగా ఉన్నదని, మాయమవుతుందన్న చిత్రాన్ని దాచుకోవడానికి తేలికైన మార్గాలు అనేకం ఉన్నాయని 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థపై అభియోగం మోపింది. అప్పటి నుంచి ఈ యాప్‌లలో భద్రత పెరిగిన మాట నిజం. కొన్ని యాప్‌లు స్క్రీన్‌షాట్ తీయనివ్వవు. కాని పక్కన మరో ఫోను పెట్టి తెరనే ఫోటో తీసేవాణ్ణి ఆపగలిగిన యాప్ ఏదీ లేదు.

మన దేశానికి ఈ విషయం తొలిసారి గట్టిగా తెలిసివచ్చింది 2004లో. అప్పటికి కెమెరా ఉన్న ఫోను కొత్త వింత. ఢిల్లీలో ఇద్దరు పాఠశాల విద్యార్థులకు సంబంధించిన ఒక ఏకాంత దృశ్యం ఫోనులో చిత్రీకరించబడింది. అది ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు ఎం.ఎం.ఎస్.గా పాకి, చివరకు ఒక వేలం వెబ్‌సైటులో అమ్మకానికి వచ్చింది. ఆ వెబ్‌సైటు ముఖ్య అధికారి అరెస్టయ్యాడు. వ్యవహారం న్యాయస్థానాలలో ఏళ్ల తరబడి నడిచింది. అప్పటికి దేశంలో వాట్సాప్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు, చౌక ఇంటర్నెట్ లేదు. అయినా ఆ దృశ్యం దేశమంతటా తిరిగింది. సాధనాలు కొద్దిగా ఉన్న రోజులలోనే అంత దూరం వెళ్ళిందంటే, నేడు ఎంత వేగంగా వెళ్ళగలదో ఊహించుకోవచ్చు.

నమ్మకం – సమ్మతి

చిత్రం పంపమని అడిగేవారు సాధారణంగా బెదిరించరు, బతిమాలుతారు. ‘నామీద నమ్మకం లేదా?’ అన్నది వారు వేసే మొదటి ప్రశ్న. ‘అందరూ పంపుతున్నారు’ అన్నది రెండవ మాట. ‘నేను నాది పంపాను, ఇక నీ వంతు’ అన్నది మూడవ ఎత్తు. ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. అడిగిన పని మంచిదా కాదా అన్న ప్రశ్నను పక్కకు నెట్టి, అడిగినవారి పట్ల అభిమానం ఉన్నదా లేదా అన్న ప్రశ్నను ముందుకు తెస్తాయి. నిజమైన స్నేహానికి ఇటువంటి పరీక్షలు అవసరం లేదు. కాదన్నందుకు దూరమయ్యే స్నేహం, ఔనన్నందువల్ల నిలుస్తుందన్న భరోసా లేదు. కాదనడానికి కారణం చెప్పవలసిన పని కూడా లేదు. ‘నాకు ఇష్టం లేదు’ అన్న మూడు మాటలు చాలు.

ఇక్కడ సమ్మతి అన్న పదాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. ఒకరు తమ నోటుపుస్తకాన్ని మిత్రుడికి ఒక రాత్రికి ఇస్తే, దానిని అచ్చువేసి అమ్ముకోమని అర్థం కాదు. ఏకాంత చిత్రం విషయంలో ఈ సూత్రం మరింత బలంగా వర్తిస్తుంది. చిత్రం తీయడానికి ఒప్పుకోవడం వేరు, దానిని ఇతరులకు చూపడానికి ఒప్పుకోవడం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. ఇది నీతి వాక్యం మాత్రమే కాదు, చట్టం చెప్పిన మాట. 2013లో భారత శిక్షాస్మృతికి చేసిన సవరణలో చేరి, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షనుగా కొనసాగుతున్న నిబంధన ఈ విషయాన్ని స్పష్టం చేస్తున్నది. ఒక స్త్రీ చిత్రీకరణకు సమ్మతించి ఉన్నప్పటికీ, ఆ చిత్రాన్ని మూడవ వ్యక్తికి చేర్చడానికి సమ్మతించకపోతే, చేర్చడం నేరమే.

2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ న్యాయస్థానం ఈ దిశలో గుర్తుంచుకోదగిన తీర్పు ఇచ్చింది. తనతో సంబంధం తెంచుకున్న యువతి ఏకాంత దృశ్యాలను ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక యువకుడికి అయిదేళ్ల జైలుశిక్ష విధించింది. ప్రేమ విఫలమైందన్న కోపం నేరానికి సాకు కాజాలదని ఆ తీర్పు తెలియజెప్పింది.

అపరిచితుల వల

తెలిసినవారి వల్ల వచ్చే ప్రమాదం ఒక రకమైతే, ముఖం తెలియనివారి వల్ల వచ్చేది మరొక రకం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి చెందిన అమాండా టాడ్ జీవితం దీనికి విషాదకరమైన ఉదాహరణ. ఏడవ తరగతి చదువుతున్న రోజులలో ఆమె ఇంటర్నెట్‌లో కెమెరా ద్వారా కొత్తవారితో మాట్లాడేది. ఒక అపరిచితుడు పొగడ్తలతో ఆమె నమ్మకాన్ని సంపాదించి, ఆమెకు తెలియకుండా ఒక చిత్రాన్ని భద్రపరచుకున్నాడు. కొంతకాలం తర్వాత, మరిన్ని దృశ్యాలు ఇవ్వకపోతే ఆ చిత్రాన్ని అందరికీ పంపుతానని బెదిరించాడు. అన్నంత పనీ చేశాడు. ఆమె బడి మారింది. బెదిరింపు ఆమె వెంట కొత్త బడికీ వచ్చింది. తోటి విద్యార్థులు ఆమెను వెలివేసినట్లు చూశారు. 2012 సెప్టెంబరులో ఆమె తన కథను చేతితో రాసిన అట్టలపై చూపుతూ ఒక వీడియోను యూట్యూబులో ఉంచింది. మరుసటి నెల 10వ తేదీన, పదిహేనేళ్ల వయసులో ఆమె ప్రాణాలు తీసుకుంది.

ఆమెను బెదిరించినవాడు ఆమె ఊరివాడు కాడు, ఆమె వయసువాడు కూడా కాడు. సముద్రానికి ఆవల నెదర్లాండ్స్‌లో ఉన్న ఒక వయోజనుడు. అనేకమంది ఇతర బాధితుల విషయంలో 2017లో ఆ దేశపు న్యాయస్థానం అతనికి పదేళ్లకు పైగా జైలుశిక్ష వేసింది. అమాండా విషయంలో 2022లో కెనడా న్యాయస్థానం పదమూడేళ్ల శిక్ష విధించింది. ఏకాంత చిత్రాలను సమ్మతి లేకుండా పంచడాన్ని నేరంగా ప్రకటిస్తూ కెనడా పార్లమెంటు 2014లో చట్టం చేసింది. న్యాయం జరిగింది గాని, అది ఆమె ఉండగా జరగలేదు. ఈ ఉదంతంలో విద్యార్థులు గమనించవలసినది ఒకటి ఉంది. అపరిచితుడు విసిరిన బెదిరింపు ఎంత గాయం చేసిందో, తోటి విద్యార్థుల హేళన కూడా అంతే గాయం చేసింది. మొదటివాడు ఒక్కడు. రెండవవారు అనేకులు.

ఇది ఆడపిల్లలకు మాత్రమే వచ్చే ఆపద అనుకోవడం పొరపాటు. అందమైన అమ్మాయి చిత్రంతో ఒక ఖాతా తెరిచి, మగపిల్లలతో పరిచయం పెంచుకొని, వీడియో కాల్ చేసి, తెర మీది దృశ్యాన్ని రహస్యంగా రికార్డు చేసే ముఠాలు ఉన్నాయి. కాల్ ముగిసిన కొద్ది నిమిషాలకే డబ్బు డిమాండు వస్తుంది. బాధితుడి స్నేహితుల, బంధువుల పేర్ల జాబితా కూడా పంపి, వారందరికీ ఈ దృశ్యం వెళుతుందని భయపెడతారు. డబ్బు కోసం జరిగే ఈ రకపు బెదిరింపులకు ఎక్కువగా గురవుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. హెచ్చరించింది. మగపిల్లవాడు కావడం వల్ల చెప్పుకోవడానికి మరింత సిగ్గుపడతాడని ముఠాలకు తెలుసు. డబ్బు పంపితే వదిలిపెడతారనుకోవడం భ్రమ. ఒకసారి చెల్లించినవాడు మళ్ళీ చెల్లిస్తాడని మాత్రమే వారికి అర్థమవుతుంది.

పంపని చిత్రం

తన ఏకాంత చిత్రాన్ని ఎన్నడూ ఎవరికీ పంపనివారు కూడా ఈనాడు పూర్తిగా సురక్షితులు కారు. కృత్రిమ మేధ సహాయంతో ఒకరి ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించి, నిజమని భ్రమింపజేసే దృశ్యాలను తయారుచేయవచ్చు. వీటిని డీప్‌ఫేక్ అంటారు. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని మరొక స్త్రీ వీడియోకు అతికించిన దృశ్యం దేశమంతటా తిరిగింది. ఆమె మౌనంగా ఉండిపోలేదు, బహిరంగంగా స్పందించింది. ఈ సంఘటన తాను పాఠశాలలోనో, కళాశాలలోనో చదువుతున్న రోజులలో జరిగి ఉంటే ఎలా ఎదుర్కొనేదో ఊహించుకోలేనన్న భావాన్ని వ్యక్తం చేసింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరుకు చెందిన ఒక యువకుణ్ణి ఈ కేసులో అరెస్టు చేశారు. ఆ నటి పేరుతో నడుపుతున్న అభిమాన పేజీకి అనుచరులను పెంచుకోవడం కోసం అతను ఈ పని చేసినట్లు పోలీసులు తెలిపారు.

ఈ సంఘటన ఒక పాత వాదాన్ని తలకిందులు చేసింది. ‘ఆమె తన చిత్రాన్ని పంపకపోతే ఈ గొడవ ఉండేది కాదు’ అని తప్పును బాధితురాలి మీదకు నెట్టడం లోకంలో అలవాటు. ఏమీ పంపని స్త్రీకి కూడా అదే అవమానం జరిగినప్పుడు, తప్పు ఎవరిదన్న విషయంలో సందేహానికి తావు లేదు. అది చిత్రాన్ని వక్రబుద్ధితో వాడుకున్నవారిదే.

ముల్లు – ఆకు

‘ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ఆకుకే నష్టం’ అని తెలుగునాట ఒక సామెత ఉంది. ఆడపిల్లలకు జాగ్రత్త చెప్పడానికి తరతరాలుగా దీనిని వాడుతున్నారు. చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఈ సామెతలో ఒక లోపం ఉంది. ఆకు చిరిగిందని చెబుతుంది గాని, ముల్లును ఏం చేయాలో చెప్పదు. దీనిని విని పెరిగిన పిల్ల, ఆపద వచ్చినప్పుడు నష్టం తనకే అనుకొని నోరు మెదపదు. ఆ మౌనమే బెదిరించేవాడికి పెట్టుబడి. ఇంట్లో తెలిస్తే చదువు మానిపిస్తారని, ఫోను లాక్కుంటారని, నలుగురిలో తలెత్తుకోలేమని ఆమె భయపడినంత కాలం అతని మాట చెల్లుతుంది. ఆమె ఒక్కరికైనా చెప్పిన రోజున అతని బలం సగం తగ్గిపోతుంది.

ముల్లును ఏం చేయాలో చట్టం చెబుతున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణలు 2009 అక్టోబరులో అమలులోకి వచ్చాయి. వాటిలోని 66-ఇ సెక్షను ప్రకారం ఒక వ్యక్తి రహస్యాంగాల చిత్రాన్ని సమ్మతి లేకుండా తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల వరకు జైలుశిక్ష గాని, రెండు లక్షల రూపాయలకు మించని జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఈ సెక్షనుకు స్త్రీ పురుష భేదం లేదు. 67-బి సెక్షను పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను లైంగికంగా చూపే చిత్రాలకు సంబంధించినది. వాటిని తయారుచేయడం, పంపడం మాత్రమే కాక, వెతకడం, దించుకోవడం కూడా నేరమే. మొదటిసారి నేరానికే అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా ఉన్నాయి. 2012లో వచ్చిన పోక్సో చట్టం బాలుడికీ బాలికకూ సమానంగా రక్షణ ఇస్తుంది.

2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మరొక ముఖ్యమైన తీర్పు వెలువరించింది. పిల్లల లైంగిక చిత్రాలను దించుకొని చూడడం దానికదే నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టివేసింది. అటువంటి చిత్రాలను ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనరాదని, అవి పిల్లలపై జరిగిన దోపిడీకి, అత్యాచారానికి ఆనవాళ్లు గనుక ఆ అర్థం వచ్చే పేరుతోనే పిలవాలని సూచించింది. ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఇది నేరుగా సంబంధించిన విషయం. వారి తోటివారిలో దాదాపు అందరూ పద్దెనిమిదేళ్లలోపువారే. తరగతిలోని ఒక అమ్మాయి చిత్రం గ్రూపులోకి వచ్చినప్పుడు, ‘తీసింది నేను కాదు, ముందుకు పంపానంతే’ అన్న సమాధానం చట్టం ముందు నిలవదు. పంపినవాడు కూడా బాలుడే అయితే అతను బాలల న్యాయమండలి ముందు నిలబడవలసి వస్తుంది. సరదాగా నొక్కిన ఒక మీట రెండు జీవితాలను చిందరవందర చేయగలదు.

ఆపద వచ్చినప్పుడు

బెదిరింపు వచ్చినప్పుడు మొదట చేయవలసిన పని ఒక పెద్దవారికి చెప్పడం. తల్లి, తండ్రి, అక్క, బాబాయి, అధ్యాపకురాలు, ఎవరైనా సరే, కోపగించుకొని అయినా చివరకు పక్కన నిలబడతారన్న నమ్మకం ఉన్నవారు కావాలి. రెండవది, బెదిరించేవాడు అడిగినది ఇవ్వకపోవడం. డబ్బు గాని, మరొక చిత్రం గాని ఇవ్వరాదు. మూడవది, ఆధారాలను భద్రపరచడం. భయంతో సందేశాలన్నీ చెరిపివేయడం సహజం గాని, అది నేరస్థుడికే మేలు చేస్తుంది. సందేశాలు, ఫోను నంబరు, ఖాతా పేరు, డబ్బు అడిగిన వివరాలు, తేదీలతో సహా ఉంచి, ఆ తర్వాతే ఖాతాను బ్లాక్ చేయాలి.

నాలుగవది ఫిర్యాదు. దేశమంతటికీ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930. జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్‌లో స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన నేరాల కోసం ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ పేరు తెలపకుండా కూడా సమాచారం ఇవ్వవచ్చు. పిల్లల సహాయ సంఖ్య 1098. తెలంగాణలో 2014లో హైదరాబాదులో మొదలైన షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పోలీసు స్టేషను అనగానే జంకేవారు పోక్సో చట్టంలోని ఏర్పాట్లను తెలుసుకోవాలి. బాలల వాంగ్మూలాన్ని వారి ఇంటి దగ్గర గాని, వారు కోరుకున్న చోట గాని నమోదు చేయాలి. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని మహిళా అధికారి ఆ పని చేయాలి. ఆమె యూనిఫారంలో ఉండకూడదు. పిల్లలను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. వారి పేరు, చిరునామా, పాఠశాల వివరాలు పత్రికలలో రాకూడదు.

చిత్రం ఇంటర్నెట్‌లోకి వెళ్ళిన తర్వాత కూడా చేయగలిగినది ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన నియమాలు, బాధితుల ఫిర్యాదు అందిన తర్వాత నిర్ణీత గడువులోగా ఇటువంటి చిత్రాలను తొలగించే బాధ్యతను సామాజిక మాధ్యమాలపై మోపాయి. డీప్‌ఫేక్‌లకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లలోపువారి కోసం ‘టేక్ ఇట్ డౌన్’, పెద్దవారి కోసం ‘స్టాప్ ఎన్.సి.ఐ.ఐ.’ అనే అంతర్జాతీయ సేవలు ఉన్నాయి. ఇవి చిత్రాన్ని తీసుకోవు. బాధితుల ఫోనులోనే ఆ చిత్రానికి వేలిముద్ర వంటి ఒక సంకేతాన్ని తయారుచేసి, ఆ సంకేతాన్ని మాత్రమే తమతో కలిసి పనిచేసే సంస్థలకు అందిస్తాయి. అదే చిత్రం ఆ వేదికల మీదకు వస్తే సంకేతం ద్వారా గుర్తుపట్టి తొలగిస్తారు. ఈ సేవలు ప్రతి ఫోనులోకీ చేరలేవు. అయినా వ్యాప్తిని చాలావరకు అరికట్టగలవు. మనసు కుంగిపోయి, బ్రతుకు మీద ఆశ సన్నగిల్లుతున్నదని తోచినప్పుడు టెలి మానస్ సహాయ సంఖ్య 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పెద్దల బాధ్యత – మిత్రుల బాధ్యత

బిడ్డ వచ్చి జరిగినది చెప్పినప్పుడు తల్లిదండ్రుల నోటి నుంచి వెలువడే మొదటి మాట చాలా విలువైనది. ‘ఎందుకు పంపావు?’ అన్న ప్రశ్న న్యాయమైనదే కావచ్చు, కాని అది మొదటి ప్రశ్న కాకూడదు. ఇల్లు తగలబడుతున్నప్పుడు దీపం ఎవరు పెట్టారని విచారించరు, ముందు నీళ్ళు పోస్తారు. మంచిచెడ్డలు మాట్లాడుకోవడానికి తర్వాత సమయం ఉంటుంది. ఫోనును లాక్కోవడం, కళాశాల మానిపించడం శిక్షలు మాత్రమే, పరిష్కారాలు కావు. ఒక ఇంట్లో అటువంటి శిక్ష పడిందని తెలిస్తే, పది ఇళ్లలో పిల్లలు నోరు మూసుకుంటారు.

విద్యార్థులలో చాలామంది తమ చిత్రాన్ని పంపినవారుగా గాని, మరొకరిని బెదిరించినవారుగా గాని ఈ సమస్యను ఎదుర్కోరు. మూడవ స్థానంలో ఎదుర్కొంటారు. ఒక సాయంత్రం ఎవరో ఒక చిత్రాన్ని వారి ఫోనుకు పంపుతారు. చిత్రంలో ఉన్నది పక్క సెక్షను అమ్మాయో, తెలిసిన అబ్బాయో అవుతారు. గ్రూపులో నవ్వుల బొమ్మలు వరుసగా పడుతుంటాయి. ఆ క్షణంలో వారు తీసుకునే నిర్ణయం మీద ఒక ప్రాణి భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. దానిని ఎవరికీ పంపకూడదు, దాచుకోకూడదు, దాని గురించి ముచ్చటించకూడదు. పంపినవారితో అది తప్పని చెప్పాలి. నమ్మకమైన అధ్యాపకులకో, పెద్దలకో వెంటనే తెలియజేయాలి. అన్నిటికన్న ముఖ్యంగా, ఆ చిత్రంలో ఉన్నవారు మరునాడు తరగతికి వచ్చినప్పుడు, ఎప్పటిలాగే పక్కన కూర్చోవాలి. అమాండాకు కరవైనది ఆ తోడే. చట్టం నేరస్థుణ్ణి శిక్షించగలదు, యంత్రం చిత్రాన్ని తొలగించగలదు. బెంచీ మీద పక్కన ఒకరు కూర్చొనేలా చేయడం మాత్రం విద్యార్థుల చేతిలోనే ఉంది.

పదాలు – అర్థాలు

పృథివి = భూమి
సౌలభ్యం = తేలిక, అనుకూలత
వ్యవధి = గడువు, మధ్యకాలం
ఆంతరంగికం = మనసుకు, సొంత జీవితానికి చెందినది
కౌమారం = బాల్యానికి, యౌవనానికి నడుమ దశ
సమ్మతి = అంగీకారం
ఉదంతం = జరిగిన సంగతి
వయోజనుడు = పెద్దవయసు వచ్చినవాడు
గోప్యత = రహస్యంగా ఉంచుకోగలగడం
వాంగ్మూలం = అధికారుల ఎదుట ఇచ్చే మాట
ఆనవాలు = గుర్తు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ఏకాంత చిత్రం చేయి దాటిన తర్వాత ఏయే మార్గాలలో వ్యాపించగలదో వివరించండి.
2. ‘మౌనమే బెదిరించేవాడికి పెట్టుబడి’ అన్న అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. చిత్రం తీయడానికి సమ్మతి, పంచడానికి సమ్మతి – ఈ రెండింటికి గల భేదం తెలపండి.
2. ‘ముల్లు – ఆకు’ సామెతలోని లోపం ఏమిటి?
3. బాలల వాంగ్మూలం విషయంలో పోక్సో చట్టం చేసిన ఏర్పాట్లను రాయండి.
4. బెదిరింపు వచ్చినప్పుడు సందేశాలను ఎందుకు చెరిపివేయరాదు?

III. ఆలోచించండి – చర్చించండి

తోటి విద్యార్థి ఏకాంత చిత్రం తరగతి గ్రూపులోకి వచ్చింది. దానిని చూసినవారిలో ఒకరు ఏయే పనులు చేయాలి? ఏయే పనులు చేయకూడదు? తరగతిలో చర్చించి, ఒక పుటకు మించకుండా రాయండి.